కళ్ళం మీద గుడారం

మొన్న మీరు ఫోనులో చూపించిన గుడారం భలే ఉంది. సంచీలోంచి తీసి అలా విసిరితే గొడుగులా దానంతటదే విచ్చుకుంది. గుమ్మానికో జిప్పు, కిటికీకో జిప్పు. "అమ్మమ్మా, నువ్వెప్పుడైనా టెంట్‌లో ఉన్నావా?" అని మీలో పెద్దది అడిగింది కదా. నేను నోరు తెరిచేలోపే మీ అమ్మ ఫోను లాగేసుకుని కూరగాయల సంగతి ఎత్తుకుంది. ఆ కథ బయటికి రావడం దానికి ఇష్టం ఉండదు. ఆ రోజు పార పట్టుకున్నది అదే మరి.

పోనీలే, ఇప్పుడు తీరిగ్గా కూర్చున్నాను. నేనే చెప్తాను.

తొంభైల్లో మాట. అప్పుడు మేము భిలాయిలో సెక్టర్ 7 క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. మీ తాతయ్య ప్లాంటులో రోలింగ్ మిల్లులో పనిచేసేవారు. మీ అమ్మ ఆరో క్లాసు, పిన్ని ఇంకా చిన్నది. నేను తెలుగులో అడగడం, వాళ్ళు హిందీలో జవాబు చెప్పడం, అదీ మా ఇంటి భాష. ఆ ఏడు మీ అమ్మ స్కూల్లో గైడ్స్‌లో చేరింది. మెడలో విజిల్, నడుముకి తాడు, చేతిలో తాడు ముడులు వెయ్యడం ఎలాగో నేర్పే పుస్తకం. క్యాంపుకి తీసుకెళ్తామన్నారు. దాని హడావిడి చూడాలి మీరు! తీరా బయల్దేరే రోజుకి జ్వరం పట్టుకుంది. బస్సు వెళ్ళిపోయింది. మంచం మీద పడుకుని విజిల్ ఊదుతూ ఏడ్చింది.

తాతయ్య డ్యూటీ నుంచి వచ్చి, హెల్మెట్ ఇంకా చేతిలో ఉండగానే దాని పక్కన కూర్చున్నారు.

"ఏటమ్మా, క్యాంపే కదా. నాను తీసుకెళ్తాను. సెలవుల్లో."

"ఝూట్."

"ఝూట్ కాదు, నిజమే. సముందరం పక్కన. అత్త పొలంలో. టెంట్ మనదే."

టెంట్ ఎక్కడిదో నాకూ తెలియదు, ఆయనకీ తెలియదు. కానీ మాట అనేశారు.

అత్త అంటే తాతయ్య అక్క. నాకు వదిన. విజయనగరం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే పల్లెలో ఆవిడ మెట్టినిల్లు. తాతయ్యా ఆవిడా పుట్టిపెరిగింది జూట్ మిల్లు కూలీల లైన్లలో. వాళ్ళ నాన్న మిల్లు కార్మికుడు. సైరనుకి లేచి, సైరనుకి తిని పెరిగినవాళ్ళు. తాతయ్య ఆ సైరను వదిలి భిలాయి సైరను కిందకి వచ్చారు. వదిన మాత్రం వ్యవసాయం ఇంటికి వెళ్ళింది. ఇక నేనంటే రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన పిల్లని. మా ముగ్గురిలో మట్టి గురించి తెలిసింది వదినకొక్కత్తికే. ఇది గుర్తుపెట్టుకోండి, మున్ముందు పనికొస్తుంది.

వదిన భర్త అంతకు ముందటేడే పోయారు. పిల్లలు లేరు. పొలం ఆవిడ వాటాకి వచ్చింది. ఊళ్ళో ఇల్లు మటుకు బావగారితో ఉమ్మడి. ఆవిడ భర్తకి అన్నగారు ఆయన. చెడ్డవాడని కాదు. ఆయనకి చుట్టూ సరుగుడు తోటలు. మధ్యలో వదిన ముక్క. "ఎండలో నీకెందుకీ పాట్లు? నీ ముక్కలో కూడా సరుగుడు వేసేస్తాను, నువ్వు ఇంట్లో కూర్చో" అని ఒకటే పోరు. వదినకి ఇంట్లో కూర్చోవడం రాదు. ఆ ఏడు నూతినీళ్ళు పెట్టి వేసవి చోడి వేసింది. చోడి అంటే మీరు అక్కడ రాగులు అంటారే, అదే. ఆవిడ సొంతంగా వేసిన మొదటి పంట. బావగారితో ఒప్పందం కూడా చేసుకుంది. ఈ చోళ్ళు సరిగ్గా ఇంటికి చేరితే పొలం ఆవిడే చేసుకుంటుంది. పాడైతే మాట్లాడకుండా సరుగుడుకి ఇచ్చేస్తుంది.

ఈ సంగతి మాకు తర్వాత తెలిసింది. అప్పటికి మాకు తెలిసిందల్లా, వదిన పంట కాపలాకి పొలంలో పాకలోనే ఉంటోందని. తాతయ్య ఒక కార్డు రాసి పడేశారు. పిల్లలతో వస్తున్నాం, గుడారం తెచ్చుకుంటున్నాం, మా కోసం ఏమీ సర్దొద్దు అని.

ఇక గుడారం. సుపేలా బజారులో లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టే దర్జీ ఒకాయన ఉండేవాడు. తాతయ్య ఆయన దగ్గర కూర్చుని కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. ఆయన బీడీ పక్కన పెట్టి, "భయ్యా, ఇందులో మనుషులుంటారా, గోధుమలుంటాయా?" అని అడిగాడట. మొత్తానికి ఆకుపచ్చ రంగు మందపు టార్పాలిన్, అంచులకి తాడు దూర్చడానికి ఇత్తడి కళ్ళు. విప్పితే మా ముందుగది, వరండా కలిపి పరిచేంత. మడిస్తే దాన్ని ఎత్తడానికి ఇద్దరు కావాలి. మేకుల దగ్గర నేను వెదురువి చాలన్నాను.

"ఇనుము ఊరోళ్ళం. ఎదురు మేకులు పట్టుకెళ్తే పరువేటవుతాది?" అన్నారు తాతయ్య. లోహా దుకాణంలో ఇనుప కడ్డీలు కోయించి, ఒక చివర మొన తీయించి, ఒక చివర వంచి, నా మోచెయ్యంత పొడుగు మేకులు చేయించారు. వాటితో ఏనుగుని కట్టొచ్చు.

దుర్గ్‌లో రైలెక్కి, రాయగడ కొండల మీదుగా విజయనగరంలో దిగి, బస్సు పట్టుకుని, చివర్న ఎడ్లబండి మీద పొలం చేరాం. మధ్యాహ్నం దాటింది. వదిన పాకకి తాళం. ఎవరూ లేరు. జీడిమామిడి చెట్ల కింద ఆవు నెమరేస్తోంది. సరుగుడు తోట వెనకనుంచి సముద్రం హోరు వినిపిస్తోంది, కనిపించడం లేదు. జీడిపళ్ళ వాసన, ఉప్పుగాలి. పిల్లలిద్దరూ చెప్పులు చేత్తో పట్టుకుని సముద్రం వైపు పరుగెత్తి, చూసి, మళ్ళీ పరుగెత్తుకొచ్చారు. "మమ్మీ, ఇత్నా బడా!" అని పిన్ని చేతులు చాపింది.

తాతయ్య మటుకు ఒకచోట నిలబడిపోయారు. పాక ముందు గుండ్రంగా ఒక నేల. బల్లలా చదును. గులకరాయి లేదు, గడ్డిపోచ లేదు. పేడతో అలికి అలికి, ఎండకి ఎండి, లేత బంగారం రంగులో మెరుస్తోంది.

"చూశావా?" అన్నారు నాతో. "ఏమీ సర్దొద్దని రాశాను. అయినా అక్క మనసొప్పలేదు. మన టెంట్ కోసం ఎంత ముస్తాబు చేసిందో!"

నాకూ అలాగే అనిపించింది. ఎంత ప్రేమ, ఎంత చాకిరీ అనుకుని కళ్ళు చెమర్చాయి కూడా.

టార్పాలిన్ విప్పాం. మధ్యలో వెదురు బొంగు నిలబెట్టాం. తాతయ్య సుత్తి తీసుకుని మేకులు కొట్టడం మొదలెట్టారు. నేల ఎంత గట్టిగా ఉందంటే ఇనుము ఠంగుమంటోంది. "చూశావా, వెదురైతే విరిగిపోయుండేది" అని ప్రతి మేకుకీ అన్నారు. మేకు దిగినచోటల్లా నేల పలకలు పలకలుగా పగిలింది. అప్పుడు మీ అమ్మ తన పుస్తకం తీసింది. గుడారం చుట్టూ వాననీరు పోవడానికి కాలవ తవ్వాలని అందులో ఉందట. పాక పక్కన పార దొరికింది. నాన్న కొంత, కూతురు కొంత, మీదుమిక్కిలి పిన్ని కూడా ఒక చెయ్యి వేసి, గుండ్రటి నేల మధ్యనుంచి చక్కగా ఒక కాలవ తీశారు. నేను మూడు రాళ్ళు పెట్టి ఆ నేల మీదే టీ కాచాను.

టీ గ్లాసుల్లో పోస్తుండగా వదిన వచ్చింది. నెత్తిన గడ్డిమోపు. మమ్మల్ని చూసి నవ్వబోయింది. తర్వాత కింద చూసింది. మోపు అలా నెత్తి మీదనుంచి జారి వెనక్కి పడింది. ఆవిడ పట్టించుకోలేదు.

తాతయ్య కాళ్ళ వైపు చూపించి అంది, "తమ్ముడూ. సెప్పులిప్పు."

తాతయ్య అర్థం కాక చెప్పులు విప్పారు. నేనూ విప్పాను. పిల్లలు చూసి వాళ్ళూ విప్పారు. అందరం వట్టికాళ్ళతో, టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాం.

"ఇది ఏటనుకున్నావురా?"

"మా కోసం అలికించావనుకున్నానక్కా."

"నీ కోసమా!" వదిన పాక గుమ్మంలో కూలబడింది. "ఓరి నీ కళ్ళు కాకులెత్తుకుపోనూ! ఇది కళ్ళమురా. సోళ్ళు నూర్సే కళ్ళం. తడిపి, తొక్కి, దిమ్మిస ఏసి, ఎన్నిమాట్లు అలికినానో నా నడుముకి తెల్సు. రేపు పొద్దున్న ఎడ్లు వొస్తన్నాయి నూర్పుకి. ఇప్పుడే మాటాడేసి వొస్తన్నాను."

తాతయ్య మొహం చూడాలి. మిల్లులో ఎర్రటి ఇనుము పట్టాలై బయటికొస్తుంటే పక్కన నిలబడే మనిషి. ఒక్కసారిగా చిన్నపిల్లాడైపోయారు.

"గుంటలు పూడ్చేస్తానక్కా. ఇప్పుడే. మట్టి వేసి..."

"మట్టేస్తే ఎడ్ల గిట్టలకి లేచిపోతాది. సోడి గింజెంత? ఆవగింజంత. ఇసకలో కలిసినాదంటే ఏరగలవా నువ్వు? మల్లీ మొత్తం తడపాల, తొక్కాల, ఎండాల. అంతవరకూ..." అని ఆగి, నా చెయ్యి పట్టుకుని లేచింది. "ఇలాగ రాయే అమ్మీ."

జీడిచెట్టు కింద తాటాకులు కప్పిన కుప్ప ఉంది. కోసిన చోడివెన్నులు. వదిన ఆకులు తొలగించి నా చేతిని లోపలికి తోసింది. జ్వరం వచ్చిన పిల్ల నుదురు ముట్టుకున్నట్టుంది. వెన్నుల్ని కొన్నాళ్ళు అలా కుప్పలో మగ్గపెడితే గింజ సులువుగా రాలుతుందట. ఆ వేడి దాటితే ముక్కిపోయి బూజు పడుతుందట.

"రేపు ఆగదు ఇది" అంది వదిన. "ఎడ్లు కూడా ఆగవు. రేపు మా వొంతు పోతే ఊరంతా తిరిగి ఎప్పుడొస్తాయో. అటు సూడు." సముద్రం మీద, దూరంగా, కాటుక మరకలా మబ్బు. అప్పుడు చెప్పింది బావగారితో ఒప్పందం సంగతి. గొంతు పెంచలేదు. అక్షరాలు చెరిగిపోయిన పలకని చూసినట్టు కళ్ళాన్ని చూస్తూ చెప్పింది.

ఆ మాట పూర్తవుతుండగా బావగారే వచ్చారు, తోటలోంచి, చేతికర్ర ఊపుకుంటూ. కళ్ళం చూసి ఆగారు. గుడారం చూశారు. గుడారం చుట్టూ తిరిగొచ్చారు. వంగి ఒక మేకు పట్టుకు లాగి చూశారు. రాలేదు.

"ఏటి మరదలా, పెళ్ళి పందిరేసినావా? సెప్పనేలేదు!"

వదిన పడిపోయిన గడ్డిమోపు ఎత్తి ఆవు ముందు వేసింది.

"భిలాయోళ్ళు వొచ్చీసినారు కదా. ఇంకేటి, సోళ్ళెందుకు, ఇనపపంటే పండించీస్తారు." తాతయ్య వైపు తిరిగి నవ్వారు. "కాలవ కూడా తవ్వేసినారేటి బావా! బాగున్నాది. సరుగుడు మొక్కలకి నీళ్ళు పారతాయి."

తాతయ్య తల దించుకున్నారు. మీ అమ్మకి మాట సగమే అర్థమైనా, ఎగతాళి పూర్తిగా అర్థమైంది. పారని వీపు వెనక దాచుకుంది.

"ఒప్పందం ఒప్పందమే మరదలా" అని బావగారు కొంచెం మెత్తగానే అన్నారు. "నీ మంచికే. ఎండలో సస్తన్నావు" అని వెళ్ళిపోయారు.

మేము గుడారం దింపడం మొదలెట్టాం. మేకులు లాగుతుంటే ఒక్కో మేకుతో ఒక్కో పెళ్ళ లేచి వస్తోంది. టార్పాలిన్ నేల మీదకి జారి పరుచుకుంది. వదిన అలా చూస్తూనే ఉంది. లేచి వచ్చి దాని అంచు రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపింది.

"ఇది నీళ్ళు తాగదా?"

"తాగదక్కా. లారీల మీద కప్పేది. ఎంత వానొచ్చినా..."

"సినిగిపోతాదా?"

"ఇనుప సామాన్లు వేసి ఈడుస్తారు. చిరగదు."

వదిన అంచు పట్టుకుని నాలుగు అడుగులు నడిచింది. తర్వాత ఇంకో నాలుగు. వెడల్పు కొలుస్తోందని నాకర్థమైంది. ఆగి కుప్ప వైపు చూసింది, మబ్బు వైపు చూసింది, చివరికి తమ్ముడి వైపు.

"ఎడ్లొద్దు. గిట్టలకి ఆగదేమో. కర్రలతోటి కొడదాం. దీని మీదే కొడదాం. కొట్టగలవురా?"

"రాత్రీ పగలూ కొడతానక్కా!"

"రాత్రొద్దు. రాత్రి పడుకో. పొద్దున్న కొట్టు."

అప్పుడు నవ్వింది, మేమొచ్చాక మొదటిసారి.

ఎడ్లవాళ్ళకి కబురు పంపింది, తన వంతు పక్కవాళ్ళకి ఇచ్చేస్తున్నానని. తర్వాత ఇంకో పని మిగిలింది. మేము చెప్పులతో తొక్కిన గుడ్డ అది. దాని మీద పంట పోయడానికి ఆవిడకి మనసొప్పలేదు. నూతి దగ్గరకి ఈడ్చుకెళ్ళి, బకెట్ల కొద్దీ నీళ్ళు పోసి, కొబ్బరిపీచుతో రుద్ది కడిగాం. సుపేలా దుమ్ము ఎర్రగా కాలవై పారింది. సరుగుడు చెట్లకి కట్టి ఆరేశాం. ఆ రాత్రి మాకు గుడారం లేదు. పాక ముందు గడ్డి పరిచి, దాని మీద దుప్పట్లు వేసి అందరం ఒకే వరసలో పడుకున్నాం. "పప్పా, యే కైసా క్యాంప్ హై?" అని మీ అమ్మ అడిగింది. "టెంట్‌కి రేపు డ్యూటీ ఉందమ్మా" అన్నారు తాతయ్య.

పొద్దున్నే వదిన టార్పాలిన్‌ని పాడైన కళ్ళం పక్కన పరిచింది. నాలుగు మూలలా పసుపునీళ్ళు చల్లి, మధ్యలో పేడముద్ద పెట్టి, దాని మీద ఒక గుమ్మడిపువ్వు గుచ్చింది. కళ్ళానికి చేసే మర్యాదంతా గుడ్డకీ చేసింది. కొంగు నడుముకి దోపి, నాకో కర్ర ఇచ్చింది.

ఊళ్ళోంచి ఇద్దరు ఆడవాళ్ళు కూలికి వచ్చారు. గుడ్డ చూసి ముక్కున వేలేసుకున్నారు.

"ఓలమ్మో, దుప్పటి మీద నూర్పేటే!"

"దుప్పటి కాదే, భిలాయి నుంచొచ్చిన కళ్ళం" అంది వదిన. "సెప్పులు అక్కడిప్పు."

చోడివెన్ను చూశారా మీరెప్పుడైనా? ముడిచిన పిడికిలిలా ఉంటుంది, వేళ్ళు లోపలికి వంచి. కర్రతో కొడితే గోధుమరంగు గింజలు రాలి పడతాయి. ఆ చప్పుడు కళ్ళం మీద ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, టార్పాలిన్ మీద మాత్రం రేకుల మీద చినుకులు పడ్డట్టుంది. తాతయ్య మొదట్లో సుత్తి దెబ్బలు కొట్టారు. కర్ర ఎగిరి వెళ్ళి ఆవు దగ్గర పడింది.

"ఒరే, ఇనుము కాదురా, ఇత్తనం! మణికట్టుతో కొట్టు. అలాగ. బిడ్డని జోకొట్టినట్టు" అంది వదిన.

"జో కొడితే గింజ రాలతాదేటక్కా?"

"నీ పిల్లల్ని అడుగు, నిద్రపోకపోతే నాను ఎలాగ జోకొడతానో!"

కూలి ఆడవాళ్ళు నవ్వలేక కర్రల మీద వాలిపోయారు. ఎండ ఎక్కాక వదిన చోడంబలి పోసింది, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకోవడానికి. పిన్ని గ్లాసు వాసన చూసి, "బోర్న్‌విటా హై క్యా?" అంది. తాగి, మొహం పెట్టి, మళ్ళీ అడిగి పోయించుకుంది.

మధ్యాహ్నానికి గాలి మారింది. సముద్రం మీదనుంచి చల్లగా, నిలకడగా వీస్తోంది. తూర్పారబట్టడానికి అంతకంటే మంచి గాలి ఉండదని వదిన పీట ఎక్కి చేటతో చోళ్ళు ఎత్తి పోసింది. పొట్టు ఎగిరి దూరంగా పోయి పడుతోంది, గింజ తిన్నగా కిందపడి కుప్పవుతోంది. నేను కిందనుంచి అందిస్తున్నాను. జుట్టునిండా పొట్టు. దురద. ఒళ్ళంతా ఎవరో చిన్నగా గిల్లుతున్నట్టు. అయినా నాకు ఆ రోజు అలసట తెలియలేదు. క్వార్టర్‌లో వంటింటి కిటికీలోంచి ఎదురు క్వార్టర్ వంటింటి కిటికీ చూసే నాకు, చేట ఎత్తినప్పుడల్లా ఆకాశం కనబడుతుంటే బాగుంది. ఎందుకో నాకే తెలియని సంతోషం.

తూర్పారబట్టడం ఇంకా కొంచెం మిగిలుండగా, కాటుక మబ్బు మా నెత్తిమీదకి వచ్చేసింది. ఈదురుగాలి లేచింది. జీడిచెట్లు ఊగిపోతున్నాయి. కూలి ఆడవాళ్ళు, "వాన! వాన!" అని పాకవైపు పరుగెత్తారు. వదిన పీట మీదే నిలబడిపోయింది, చేట గుండెకి హత్తుకుని. కళ్ళం అయ్యుంటే గింజ ఎత్తడానికి వ్యవధి ఉండదు. నీళ్ళొచ్చి కళ్ళంతో సహా కలిపేసుకు పోతాయి. ఆవిడకి అలవాటైన భయం అది.

మెడలో విజిల్ ఊదింది మీ అమ్మ. క్యాంపుకి వెళ్ళలేని విజిల్! "కోనా పకడో! కోనా!" అని అరుస్తూ ఒక మూల పట్టుకుంది. తాతయ్య రెండో మూల, నేను మూడో మూల. వదిన పీట దిగి నాలుగోది. నాలుగు మూలలూ మధ్యకి తెచ్చి, ఒకదాని మీద ఒకటి మడిచి, మీ అమ్మ నడుము తాడు విప్పి ఇత్తడి కళ్ళలోంచి దూర్చి ముడేసింది. ఏ ముడి అంటే చెప్పలేను, పుస్తకంలో ముడి. పడ్డాయి చినుకులు, శనగగింజలంత. మేమంతా ఆ మూట మీదే కూర్చుని తడిశాం. పిన్ని పాటలు పాడింది. తాతయ్య మూట మడతలో చెయ్యి పెట్టి తడుముతూ, "పొడిగానే ఉందక్కా, పొడిగానే ఉంది" అని పదేపదే చెప్పారు.

వేసవి వాన కదా, వచ్చినంత వేగంగానే పోయింది. ఎండ మళ్ళీ పచ్చగా కాసింది. బావగారు గొడుగు పట్టుకుని వచ్చారు. పలకరింపు లేదు. కళ్ళం వైపు చూశారు. మేం తవ్విన కాలవలో నీళ్ళు నిలిచి, అలుకంతా కరిగి, బురద.

"పోనాయా సోళ్ళు?" అన్నారు నెమ్మదిగా. ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగానే బాధపడ్డారు.

వదిన తాడు ముడి విప్పబోయింది. రాలేదు. మీ అమ్మ వచ్చి ఒక్క కొస లాగితే విడిపోయింది. నాలుగు మూలలూ తెరిచారు. లోపల చోళ్ళు, పొడిగా, వెచ్చగా, ఎర్రమట్టి పుట్టలా.

బావగారు చెప్పులు విప్పారు. అది నేను చూశాను. విప్పి, వంగి, గుప్పెడు తీసుకుని ఊదారు. ఒక గింజ నోట్లో వేసుకుని కొరికారు.

"కుంచం ఏది?" అన్నారు.

కొత్త పంట మొదటి కుంచం ఇంటి పెద్ద కొలవాలి. అది వాళ్ళ రివాజు. వదిన భర్త ఉంటే ఆయన కొలిచేవారు. వదిన పాకలోంచి ఇత్తడి కుంచం తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన నిండుగా ముంచి, అరచేత్తో పైన సమం చేసి, గోనెలో పోయబోతుంటే పక్కనుంచి పిన్ని ఉత్సాహంగా, "ఏక్!" అంది.

"ఒసే గుంటా, ఒకటనకు!" వదిన దాని నోరు మూసింది. "మొదటి కొలతకి అంకె సెప్పకూడదు. లాభం అనాల."

"లాబం" అంది పిన్ని, ఆవిడ వేళ్ళ సందుల్లోంచి.

"లాభం" అన్నారు బావగారు, కుంచం పోస్తూ. తర్వాత గింజలు గోనెలోకి జారుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆయన కొలిచారు. వదిన గోనె మూతి పట్టుకుంది. చివరి కుంచం అయ్యాక ఆయన నడుం పట్టుకుని లేచి, వదిన వైపు చూడకుండా, సముద్రం వైపు చూస్తూ అన్నారు.

"వొచ్చే యేడు ఏటి యేస్తావు?"

"సోళ్ళే బావా. ఆ మూల నువ్వులు."

"నువ్వులకి నీళ్ళెక్కువ పెట్టకు, కుళ్ళిపోతాది."

అంతే. ఆ మాటతో తేలిపోయింది. వదిన కళ్ళు తుడుచుకుని, వెంటనే కూలి ఆడవాళ్ళ మీద కేకలేసింది, పొట్టు ఎవరెత్తుతారని.

మిగిలిన సెలవంతా మేము పొలంలోనే ఉన్నాం. పొద్దున్న సముద్రం, మధ్యాహ్నం తాటిముంజెలు, సాయంత్రం పాడైన కళ్ళం తొక్కడం. మళ్ళీ తడిపి, పిల్లలిద్దరినీ దాని మీద గంతులేయించింది వదిన. తాతయ్య దిమ్మిసతో కొట్టారు. చివర్న నేను అలికాను. అడుగడుగునా ఆవిడ వంక పెడుతుంటే మళ్ళీ అలికాను. గుడారం మాత్రం మళ్ళీ కట్టలేదు. దాన్ని వదిన వదల్లేదు. తిరుగు ప్రయాణం రోజు తాతయ్య నసిగారు.

"అక్కా, మరి టెంటు..."

"ఏ టెంటు? అది నా కళ్ళం. నీ మేకులున్నాయి కదా, అయ్యి పట్టుకుపో. మల్లీ ఎక్కడైనా దిగబడిపోతాయి."

ఒక మూట చోళ్ళు కూడా ఇచ్చింది. భిలాయి వచ్చాక మా ఇంట్లో పనిచేసే ఛత్తీస్‌గఢీ బాయి మూట విప్పి చూసి, "అరే, మడియా! దీదీ, ఇది మా ఊరి పంట" అని మురిసిపోయింది. కాదు, మా వదిన పంట అని నేను. సగం ఆమెకిచ్చాను. ఆ మేకులు ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడు వైశాలి నగర్ ఇంటి పెరట్లో నా బట్టల తాడు వాటికే కట్టి ఉంది. మీరొచ్చినప్పుడు తడి తువ్వాళ్ళు ఆరేసేది ఆ తాడు మీదే.

మరుసటేడు వేసవిలో కొత్త గుడారం కుట్టించుకుని, ఆ మేకులు పట్టుకుని మళ్ళీ వెళ్ళాం. ఈసారి పాకకి తాళం లేదు. వదిన మా కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంది. కళ్ళం పక్కనే ఆకుపచ్చ టార్పాలిన్ పరిచి ఉంది, దాని నిండా చోడివెన్నులు. పక్క పొలంలో కూడా ఎవరిదో నీలం రంగు టార్పాలిన్ కనిపించింది. ఆ పక్కన ఇంకొకటి.

తాతయ్య చెప్పులు దూరంగా విప్పేసి, మునికాళ్ళ మీద, దొంగలా నడిచి రావడం చూసి వదిన పడీపడీ నవ్వింది. చెయ్యి పట్టుకుని సరుగుడు చెట్ల నీడకి తీసుకెళ్ళింది. అక్కడ నాలుగు మంచాలు పట్టేంత చోటు చదును చేసి ఉంది. పేడతో అలికి, అంచుల వెంట ముగ్గు కూడా పెట్టింది.

"ఇది మీది" అంది తాతయ్యతో. "ఎన్ని మేకులు కొట్టుకుంటావో కొట్టుకో." మీ అమ్మ చేతికి పార ఇచ్చింది. "కాలవ నువ్వు తవ్వు."

తర్వాత మా కాళ్ళ వైపు చూసి, "సెప్పులేసుకోండర్రా, ఇక్కడ సుట్టూ పల్లేరుముళ్ళు" అంది.